రాక్షసుని పట్టు - విడుదల మార్గములు



"పట్టు" అను మాట మన భాషలో మిక్కిలి చిన్నది. దాని అర్థములు మాత్రము పెక్కు. మగ్గముపై నేయు నూలులలో శ్రేష్ఠమైనది పట్టు. విద్యయందు కుదిరిన నేర్పు పట్టు. విడువరాని మొండితనము పట్టు. మల్లుడు ఎదిరిని చేజిక్కించుకొని కదలనీయకుండుటయు పట్టే. ఈ పాఠమున మనము విచారింపబోవునది ఈ కడపటి అర్థము. అందును మనుష్యుడు మనుష్యుని పట్టుట కాదు. తనకంటె పదిరెట్లు పెద్దదియగు సర్పమో, రాక్షసుడో మనుష్యుని పట్టినపుడు ఆటలో న్యాయమెట్లు నిర్ణయింపవలెనను విషయము.

ఇది ఆటకు సంబంధించిన పాఠమని తేలికగా చూడవలదు. బలవంతుని చేజిక్కిన బలహీనునకు ఏ హక్కులు మిగులునను ప్రశ్న ఇందు ఇమిడియున్నది.

1. కథాక్రీడ యననేమి?

నలుగురైదుగురు బల్ల చుట్టును గాని, చాపమీద గాని కూర్చుండి నోటిమాటతో కథ నడపుకొను ఆటను కథాక్రీడ యందము. అందొకరు సూత్రధారి. అడవులను, గుహలను, వానగాలులను, రాక్షసులను నడపువాడాతడే. తక్కినవారు పాత్రధారులు. ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని పాత్ర వహించి, "నేను వంతెన దాటెదను", "నేను తలుపు త్రోసెదను" అని తమ చేతలు చెప్పుదురు. ఫలితము సందేహాస్పదమైనచోట పాచిక వేయుదురు. ఈ ఆటకు నాలుగు మూలల పాచిక మొదలు 20 ముఖముల పాచిక వరకు పలు విధములైన పాచికలు వాడుదురు. అందు ముఖ్యమైనది 20 ముఖములది.

1974వ సంవత్సరమున అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" ఈ జాతి ఆటలకు మూలపురుషుడు. కాగితము, పెన్సిలు, పాచికలు ఉన్నచో చాలును; మైదానమక్కరలేదు. ఒకే గదిలో సంసారమంతయు సాగు మన చాళ్లలో, వానకాలపు సాయంకాలమున వరండా మూలను చాప పరచి ఆడుకొనదగినది.

2. నియమము చిక్కుపడి, సడలిన వృత్తాంతము

ఈ ఆట యందు కత్తివ్రేటుకు నియమము సులభము: పాచిక వేయుట, తగిలినదా లేదా చూచుట. పట్టుకు మాత్రము నియమము వ్రాయుట కష్టమైనది. కత్తివ్రేటు ఒక క్షణమున ముగియును. పట్టు ఒక క్షణమున మొదలై పెక్కు క్షణములు నిలుచును. అది ఎప్పుడు మొదలైనది, నిలిచియుండగా ఏమి చేయవచ్చును, ఎప్పుడు వీడును అను మూడు ప్రశ్నలకును సమాధానము కావలెను.

1979లో వెలువడిన సూత్రధారి గ్రంథమున పట్టునకు శాతపు లెక్కలును, పట్టికలును కూర్చిరి. అవి మిక్కిలి చిక్కైనవని ఆటగాండ్రలో అపకీర్తి పొందెను. 2000లో వచ్చిన మూడవ కూర్పున పట్టును పలు మెట్లుగా విభజించిరి. మొదట తాకవలెను, పిమ్మట ఇరువురును పాచికలు వేసి పోటీపడవలెను. శరీర పరిమాణము మధ్యమ తరగతిని మించి ఒక్కొక్క మెట్టు పెరిగినకొలది పోటీలో 4 చొప్పున అదనముగా కలిపిరి. అనగా పెద్దదానికి 4, అతిపెద్దదానికి 8, ఆపైదానికి 12. అందుచే మహాకాయములగు జంతువుల పట్టునుండి సామాన్య వీరుడు బలముచే తప్పించుకొనుట దాదాపు అసాధ్యమయ్యెను.

2014లో వచ్చిన అయిదవ కూర్పు ఈ చిక్కును చాలవరకు విప్పెను. 2024లో దానిని మరల సవరించిరి. నేటికిని 2014 నాటి నియమములతో ఆడువారు కలరు. కావున ఆ నియమమునే ప్రధానముగా గ్రహింతము.

3. నియమస్వరూపము

మనుష్యుడు ఎదిరిని పట్టదలచినచో ఇరువురును పాచికలు వేయుదురు. పట్టువాడు తన బలాంకమును కలుపుకొనును. తప్పించుకొనువాడు బలాంకమునైనను, లాఘవాంకమునైనను తన ఇచ్చవచ్చినట్లు కలుపుకొనవచ్చును. తనకంటె ఒక మెట్టు పెద్దదానిని పట్టవచ్చును గాని, రెండు మెట్లు పెద్దదానిని పట్టరాదు.

రాక్షసుల విషయమున పద్ధతి వేరు. పట్టునట్టి దెబ్బ గల జంతువు ఆ దెబ్బను తగిలించినచో, ప్రత్యేకముగా వేరు మాట చెప్పియుండనియెడల, పట్టు దానంతటదియే కుదురును. రెండవ పోటీ లేదు. అటుపిమ్మట పట్టుబడినవాడు తన వంతు వచ్చినపుడు విడిపించుకొన యత్నింపవచ్చును. 20 ముఖముల పాచిక వేసి, తన బలాంకమునో లాఘవాంకమునో కలిపి, ఆ జంతువునకు నిర్ణయించిన విమోచన సంఖ్యను అందుకొనవలెను. గ్రంథమున విమోచన సంఖ్య చెప్పనిచోట, 10కి ఆ జంతువు యొక్క మల్లబలాంకమును కలిపి గ్రహింపవలెనని విధి.

పట్టుబడినవానికి కలుగు నష్టమొక్కటే: కదలలేడు. చేతులు ఉడుగవు. కత్తి దూయవచ్చును, మంత్రము చదువవచ్చును, పట్టినదానినే పొడువవచ్చును. క్రొత్త సూత్రధారులు ఇచ్చటనే పొరబడుదురు. పట్టుబడినవాని వంతునే రద్దుచేసి, "నీవు పట్టుబడితివి, ఊరకుండుము" అందురు. అది నియమము కాదు, అన్యాయము.

కొన్ని జంతువులు పట్టుటయే కాక బంధించును. బంధింపబడినవానికి నష్టములు అధికము. వాడు కొట్టునపుడు పాచిక రెండుమారులు వేసి చిన్నదానిని గ్రహింపవలెను. వానిని కొట్టువారు రెండుమారులు వేసి పెద్దదానిని గ్రహింతురు. కావున పట్టుట వేరు, బంధించుట వేరు. సూత్రధారి ఈ రెంటిని కలగాపులగము చేయరాదు.

4. లెక్కతో ఒక ఉదాహరణము

2014 నాటి గ్రంథమున మహాకాయమగు కొండచిలువ కలదు. అది అతిపెద్ద తరగతిది. దాని ప్రాణాంకములు 60. చుట్టివేసినచో సగటున 13 ప్రాణాంకములు హరించును; చిక్కినవాడు పట్టుబడుటయే కాక బంధింపబడును. విమోచన సంఖ్య 16. ఒకనిని చుట్టియుండగా అది రెండవవానిని చుట్టజాలదు.

అంకములలో ఏ కలుపుబడియు లేని సామాన్యుడు చిక్కెననుకొందము. పాచికపై 16, 17, 18, 19, 20 అను అయిదు ముఖములే వానికి విడుదలనిచ్చును. అనగా 20కి 5. నూటికి 25 పాళ్లు. 5 కలుపుబడి గల వీరునకు 11 మొదలు 20 వరకు పది ముఖములు పనికివచ్చును. నూటికి 50 పాళ్లు. 8 కలుపుబడి గలవానికి 8 మొదలు 20 వరకు పదుమూడు ముఖములు. నూటికి 65 పాళ్లు.

సామాన్యుడు మూడు వంతులు వరుసగా యత్నించినను తప్పించుకొనలేకపోవుటకు ఎంత అవకాశము? ఒక్కొక్క వంతున ఓడుటకు నాలుగింట మూడు పాళ్లు. మూడు వంతులకు ఆ భిన్నమును మూడుమారులు గుణింపగా 64కు 27 వచ్చును. నూటికి 42 పాళ్లు. ఈలోపల ఒక్క నులుపునకు 13 చొప్పున ప్రాణాంకములు పోవుచుండును. కావున ఒంటరిగా గింజుకొనుట ఒక్కటే మార్గమని నమ్మినవాడు చాలమారులు నశించును.

ఇపుడు మిత్రుడొకడు తన వంతును వినియోగించి సాయపడెననుకొందము. అపుడు చిక్కినవాడు రెండు పాచికలు వేసి పెద్దదానిని గ్రహించును. రెండును విఫలమగుటకు 16కు 9 పాళ్లు. అనగా సఫలమగుటకు 16కు 7, నూటికి సుమారు 44 పాళ్లు. 25 పాళ్లు 44 ఐనవి. బలము పెరుగలేదు, తోడు దొరికినది. ఐకమత్యము వలన ప్రయోజనమును పద్యములో చదివితిమి. ఇచట అంకెలలో చూచుచున్నాము.

5. మన ఇతిహాసములలోని పట్టులు

రాక్షసుని పట్టు మనకు క్రొత్త కాదు. మన పురాణేతిహాసములలోని నాలుగు ఘట్టములు ఈ నియమములకు చక్కని వ్యాఖ్యానములు.

మొదటిది కబంధుని కథ. రామాయణ అరణ్యకాండమున కబంధుడు యోజనము పొడవుగల బాహువులు చాచి రామలక్ష్మణులను ఒక్కమారుగా పట్టెను. వారు గింజుకొని బయటపడలేదు. రాముడు కుడిచేతిని, లక్ష్మణుడు ఎడమచేతిని ఖండించిరి. పట్టుబడినవాని చేతులు ఉడుగవను నియమమునకిదియే నిదర్శనము. పట్టును విడిపించుకొనుటకంటె పట్టిన చేతిని ఖండించుట ఒక్కొక్కపుడు సులభము.

రెండవది సింహిక కథ. సుందరకాండమున హనుమంతుడు సముద్రము దాటుచుండగా సింహిక ఆతని నీడను పట్టి లాగెను. ఆతడు దేహమును పెంచెను. అదియు నోరు పెంచెను. అంతట హనుమంతుడు ఒక్కసారిగా సూక్ష్మరూపము దాల్చి దాని నోట ప్రవేశించి మర్మస్థానములను చీల్చి వెడలివచ్చెను. పెద్దదానితో పెద్దతనమున పోటీపడుట వ్యర్థము. అచట చిన్నతనమే బలము. బలాంకమునకు బదులు లాఘవాంకమును ఎన్నుకొను హక్కు పట్టుబడినవానికి ఇచ్చుటలోని ఔచిత్యమిదియే.

మూడవది గజేంద్ర మోక్షము. పోతన భాగవత అష్టమ స్కంధమున ఈ కథ తెలుగువారికెల్ల కంఠస్థము. మకరి జలచరము, నీటిలో దాని బలము పెరిగెను. గజము భూచరము, నీటిలో దాని బలము క్షీణించెను. ఒడ్డున నున్న గజయూథము విడిపింపలేకపోయెను. కావున సూత్రధారి పట్టు ఎచట జరుగుచున్నదో తప్పక చూడవలెను. నీటిలోని పట్టు వేరు, నేలపై పట్టు వేరు. పట్టినవాడు పట్టుబడినవానిని లాగుకొనిపోవచ్చునని నియమమే చెప్పుచున్నది. లాగునపుడు వేగము సగమగును, చిక్కినవాడు రెండు మెట్లు చిన్నవాడైనచో ఆ తగ్గింపును లేదు. మకరి ఎల్లపుడును లోతునకే లాగును. ఆ సంగతి ముందే ఎరిగి ఒడ్డునకు దగ్గరగా ఉండుట పాత్రధారుల వివేకము.

నాలుగవది అన్నిటికంటె గొప్పది. భారత అరణ్యపర్వమున అగస్త్యుని శాపముచే కొండచిలువయైన నహుషుడు భీమసేనుని పట్టెను. హిడింబుని, బకుని, జరాసంధుని చంపిన భీముడు ఆ చుట్టలో కదలలేకపోయెను. ఆ సర్పము పట్టినవాని బలము ఎంతటిదైనను ఉడుగునని దానికి వరము కలదు. ఆటభాషలో చెప్పవలెనన్న, బలముతో అందరాని విమోచన సంఖ్య. ధర్మరాజు తమ్ముని వెదకికొనుచు వచ్చెను. కత్తి దూయలేదు. సర్పమడిగిన ప్రశ్నలకు సమాధానములు చెప్పెను. బ్రాహ్మణత్వమునకు జన్మము కాదు, సత్యము, దానము, క్షమ మొదలగు గుణములే లక్షణమనెను. సర్పము తృప్తిచెంది భీముని విడిచెను; నహుషునకు శాపమోక్షమయ్యెను.

దీనినుండి సూత్రధారి గ్రహింపవలసినది: బలముచే అందరాని సంఖ్యను పెట్టినచో వేరొక ద్వారము తెరచియుంచవలెను. మాట, యుక్తి, ప్రశ్నోత్తరము, ఎర, అగ్ని, ఏదైనను కావచ్చును. అన్ని ద్వారములు మూసిన పట్టు కథ కాదు, శిక్ష.

6. తాలీము నేర్పు పాఠము

నిజమైన మల్లవిద్య ఏమి చెప్పుచున్నదో చూతము. 12వ శతాబ్దిలో కల్యాణపుర చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మల్లవినోదమను ప్రకరణము కలదు. మల్లుల తరగతులు, వారి ఆహారము, అభ్యాసము అందు వర్ణింపబడినవి. సమానులను సమానులతో పెనగించుట అంత ప్రాచీనమైన ధర్మము.

మహారాష్ట్రమున మల్లశాలను తాలీము అందురు. నూనె, మజ్జిగ, పసుపు కలిపి మెత్తపరచిన ఎర్రమట్టి దాని రంగస్థలము. ఎదిరి వీపును నేలకు తాకించిన గెలుపు. నేటి అంతర్జాతీయ పోటీలలో బరువు తరగతులు కలవు. గొంతు నులుముట, వ్రేళ్లు విరుచుట నిషిద్ధములు. సాతారా జిల్లా గోళేశ్వర గ్రామమునకు చెందిన ఖాశాబా జాధవ్ 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 57 కిలోల తరగతియందు కంచు పతకము గెలిచెను. స్వతంత్ర భారతమునకు వ్యక్తిగత పోటీలలో వచ్చిన తొలి ఒలింపిక్ పతకమది. బరువు తరగతులు లేకున్నచో ఆ చిన్న శరీరము ఆ వేదికను చేరగలిగెడిదా?

మన తెలుగునాట వీరఘట్టమున జన్మించి, ఇనుప గొలుసులను ఛాతీ పొంగించి త్రెంచి, కలియుగ భీముడని పేరొందిన కోడి రామమూర్తి నాయుడు సైతము బలమును శ్వాసనియమముతోను, నిత్యాభ్యాసముతోను సాధించినవాడే. బలమునకు మూలము నియమము.

కథాక్రీడలోని ఆరు పరిమాణ తరగతులు తాలీములోని బరువు తరగతులకు ప్రతిబింబములు. ఐతే ఒక భేదము కలదు. తాలీములో సమానులే తలపడుదురు. కథలో అసమానులే తలపడుదురు. లేనిచో అది వీరకథ కాదు. కనుకనే కథలోని నియమము చిక్కినవానిపట్ల మరింత దయతో ఉండవలెను.

7. సూత్రధారి ధర్మములు

సూత్రధారి ఆటకు ముందే రాక్షసుని వర్ణనను రెండుమారులు చదివి ఈ క్రింది విషయములు ఒక కాగితముపై వ్రాసికొనవలెను.

(అ) దెబ్బ తగిలినంతనే పట్టు కుదురునా, లేక పట్టునకు వేరుగా పాచిక వేయవలెనా?
(ఆ) పట్టుట మాత్రమేనా, బంధించుటయు కలదా?
(ఇ) విమోచన సంఖ్య ఎంత? దానిని పట్టు కుదిరినంతనే అందరికిని చెప్పవలెను. దాచినచో చిక్కినవాడు యోచింపలేడు, పాచికను నిందించును.
(ఈ) ఒకేమారు ఎందరిని పట్టగలదు? మరియొకనిని పట్టుటకు మొదటివానిని విడువవలెనా?
(ఉ) మిత్రులేమి చేయవచ్చును? పట్టినదానిని అశక్తము చేసినచో పట్టు వీడును. చిక్కినవానిని దాని అందునుండి దూరము చేసినను వీడును. అయితే రెండు మెట్లు పెద్దదియగు జంతువును నెట్టుటకు సామాన్యునకు హక్కు లేదు. కొండచిలువను త్రోసెదనన్న మధ్యమకాయుని మాట చెల్లదు.

2024 నాటి సవరణలో రెండు మార్పులు గమనింపదగినవి. మనుష్యుడు పట్టునపుడు ఇరువురి పోటీ తొలగి, పట్టబోవువాని 8కి బలాంకమును, అభ్యాసాంకమును కలుపగా వచ్చు సంఖ్యను ఎదిరి అందుకొనవలసియున్నది. పట్టుబడినవాడు పట్టినదానిని గాక ఇతరులను కొట్టదలచినచో రెండు పాచికలలో చిన్నదానిని గ్రహింపవలెను. ఏ కూర్పుతో ఆడుచున్నారో ఆరంభముననే నిశ్చయించుకొనవలెను, నడుమ మార్చరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన ధర్మమొకటి. తన స్నేహితుడు చిక్కినపుడు ఒక సంఖ్య, తనకు గిట్టనివాడు చిక్కినపుడు వేరొక సంఖ్య చెప్పువాడు సూత్రధారి కాడు, వాడే రాక్షసుడు.

8. ఈ ఆట మనకేల?

నిజాము రాజ్యపు తెలుగు సీమలనుండి వచ్చి కట్టడపు పనులలో చెమటోడ్చిన కామాఠీల పేరిటనే మన కామాఠిపురము వెలసినది. మగ్గమును విడిచి మిల్లులకు వచ్చిన పద్మశాలీలు వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ ప్రాంతముల చాళ్లలో నిలిచిరి. వారి పిల్లల పిల్లలు వీధిలో హిందీ, మరాఠీ మాటలాడి, ఇంట తెలుగు విని, బదులు మాత్రము వేరు భాషలో చెప్పుచుండుట మనమెరుగుదుము. వినిన భాష నిలువదు. పలికిన భాషయే నిలుచును.

కథాక్రీడకు నోటిమాటయే ఆయుధము. "పాము నా నడుమును చుట్టినది, ఎడమచేయి ఇంకను బయటనే యున్నది, మొలలోని బాకు దూసెదను" అని పిల్లవాడు తెలుగున చెప్పవలసివచ్చినపుడు నడుము, మొల, దూయుట, పెనగుట, జారుట, గింజుట అను మాటలు వానికి అక్కరపడును. పాఠ్యపుస్తకమున చదివి మరచు మాట, ప్రాణము మీదికి వచ్చినపుడు వాడిన పిమ్మట మరపునకు రాదు. తెలియని మాటను పెద్దమ్మనో తాతగారినో అడిగి తెలిసికొని మరల ఆటకు వచ్చుటలో దోషము లేదు, అదియే లాభము.

ఇంకొక మాట. ఒక చాళ్లో ఏడేండ్లవాడును, పదునాలుగేండ్లవాడును ఒక్కచోటనే ఆడుదురు. నిజమైన పెనగులాటలో చిన్నవాడు ప్రతిదినము ఓడును. కొన్నాళ్లకు రావడము మానును. చాపమీది ఆటలో వాని పాచికకును 20 ముఖములే. పెద్దవాని పాచికకును 20 ముఖములే. నియమము నిలిచినంతకాలము చిన్నవానికి స్థానము నిలుచును. ఐతే ఆటలోని పట్టును చాపమీదనే విడువవలెను. మెట్లమీదను, వరండా అంచునను ఒకరి మెడ నొకరు పట్టి చూపుట ఎంతమాత్రమును కూడదు.

అభ్యాసములు

1. విమోచన సంఖ్య 14. చిక్కినవాని లాఘవాంకము 3, బలాంకము 1. వాడు దేనిని ఎన్నుకొనవలెను? నూటికి ఎన్ని పాళ్లు అవకాశము?
2. ఆ అవకాశము మిత్రుని సాయముతో ఎంతగును?
3. పట్టుబడుటకును బంధింపబడుటకును గల భేదములను సొంతమాటలలో వ్రాయుడు.
4. గజేంద్ర మోక్షమును సూత్రధారివై నడపుచో, విష్ణుమూర్తి రాకకు ముందు గజయూథమునకు ఏ యే యత్నములకు అవకాశమిచ్చెదవు?
5. "పట్టు" అను పదమును అయిదు వేర్వేరు అర్థములలో వాక్యములందు ప్రయోగింపుడు. ఇంటిలోని పెద్దలనడిగి ఆరవ అర్థమొకటి కనుగొనుడు.